మిద్దెతోట గ్రూపులో మాస్టారి గొడవ: తీర్పు ఎవరు చెప్పాలి, వెనకేసుకు రావడం ఎలా?

ప్రశ్న: మాది వాట్సాప్‌లో మిద్దెతోటల గ్రూపు. ఆరు వందల మందికి పైగా ఉన్నాం. నలుగురు అడ్మిన్లలో నేనొకదాన్ని. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని అందరం మాస్టారు అంటాం. నారు పోయడం దగ్గర్నుంచి నాకు అన్నీ నేర్పింది ఆయనే. ఏటా సొంత ఖర్చుతో విత్తనాలు పంచుతారు. పోయిన ఆదివారం కొత్తగా చేరిన ఒకావిడ కిందికి ముడుచుకుపోయిన మిరప ఆకుల ఫొటో పెట్టి, తామర పురుగేమోనని వారంగా వేపనూనె కొడుతున్నా తగ్గట్లేదని అడిగారు. మాస్టారు "నల్లి కూడా కనపడని కళ్ళకు మిద్దెతోట ఎందుకు, వంటిల్లు చూసుకో" అన్నారు. (నల్లి అంటే ఇక్కడ ఆకుల రసం పీల్చే చిన్న జీవి.) ఆవిడ "కాస్త మర్యాదగా చెప్పండి" అంటే, "నువ్వు నాకు మర్యాద నేర్పుతావా" అన్నారు. ఆ రాత్రి పదకొండు దాటాక ఆవిడకు విడిగా మూడు మెసేజ్‌లు కూడా పెట్టారట. గ్రూపు రెండుగా చీలింది. మిగతా ముగ్గురు అడ్మిన్లు ఆయన్ని తీసేద్దామంటున్నారు. ఆయన లేకపోతే గ్రూపే లేదని సగం మంది అంటున్నారు. నాకు ఆయన్ని వదులుకోవాలని లేదు. అలాగని ఆవిడకు జరిగింది చిన్న విషయమనీ అనలేను. ఏం చేయాలి?
– ఒక అడ్మిన్, రాజమహేంద్రవరం

జవాబు: అడ్మిన్ గారూ, ముందు చేయాల్సింది, ఈ ఒక్క విషయంలో తీర్పు చెప్పే పని నుంచి మీరు తప్పుకోవడం. మీరు ఆయన శిష్యురాలు. చూసీచూడనట్టు వదిలేస్తే గురువుగారని వదిలేసిందంటారు. కఠినంగా ఉంటే, పక్షపాతం లేదని చూపించుకోవడానికి గురువునే బలిచ్చిందంటారు. ఏది చేసినా ఆ నిర్ణయం మాస్టారి తప్పు గురించి కాకుండా మీ గురించి అయిపోతుంది. వికీపీడియాలో కూడా ఒక వివాదంతో సంబంధమున్న నిర్వాహకుడు ఆ వివాదంలో తన అధికారాలు వాడకూడదన్న నియమం ఉంది. మీరు ఆయన తరఫున మాట్లాడండి. ఆ హక్కు మీకుంది, ఆయనకూ అలాంటి మనిషి ఒకరు అవసరం. "ఈ విషయంలో నేను నిర్ణయంలో పాల్గొనడం లేదు, మాస్టారి పక్షం వినిపిస్తాను" అని గ్రూపులో ఒక్క ముక్క రాసేయండి.

మిగతా ముగ్గురూ ఆయన మాట వినకముందే తీసేద్దామంటున్నారు. ఇదీ ఇబ్బందే. ఆ ముగ్గురిలో ఒకరిని పక్కకు తప్పుకొమ్మని, ఇప్పటిదాకా ఎటూ మాట్లాడని సభ్యురాలు ఒకరిని ఆ స్థానంలో కూర్చోబెట్టమని అడగండి. ముగ్గురుంటే చాలు. ఐదుగురైతే ఫోన్లు కలవవు, వారమంతా గడిచిపోతుంది.

రెండో పని ఆధారాలు భద్రం చేయడం. ఎక్కువ గ్రూపుల్లో తప్పు ఇక్కడే జరుగుతుంది. గొడవ చల్లారాలని అడ్మిన్ వెంటనే మెసేజ్ తీసేస్తాడు. రెండు రోజుల తర్వాత ఒకరు "చచ్చిపో అన్నాడు" అంటారు, ఇంకొకరు "ఏమీ అనలేదు" అంటారు, చూపించడానికి ఏమీ మిగలదు. పంపినవారు పావుగంట లోపల మెసేజ్‌ను ఎడిట్ చేయొచ్చు, రెండు రోజుల పైచిలుకు వరకు అందరికీ కనపడకుండా తీసేయొచ్చు. కాబట్టి ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. గొడవ మొదలవడానికి ముందు పది మెసేజ్‌లు, ఆగిన తర్వాత పది, తేదీ, టైమ్ కనపడేలా ఉండాలి. తర్వాత మీడియా లేకుండా చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే మొత్తం వరుసగా ఒక టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. గ్రూపులో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ అవదు. మెసేజ్‌లు వాటంతట అవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకుని ఉంటే ఈ రోజే ఆపేయండి. ఇవన్నీ అయ్యాకే అడ్మిన్ హోదాలో ఆ రెండు మాటలూ తీసేయాలి. ఇంకా వాదనలు సాగుతుంటే అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును పన్నెండు గంటలు మూయండి. అంతకు మించి మూస్తే జనం పక్క గ్రూపుల్లో ఇదే మాట్లాడుకుంటారు, అక్కడ పుట్టే పుకార్లకు మీ దగ్గర జవాబుండదు.

ఆ తర్వాత ఫోన్ చేయాల్సింది ఆవిడకు, మాస్టారికి కాదు. నిర్ణయించే ముగ్గురిలో ఉన్న స్త్రీ చేస్తే మంచిది. ఆవిడను "పెద్దాయన కదా, వదిలేద్దామా?" అని అడక్కండి. ఏం శిక్ష వేయమంటారని కూడా అడక్కండి. మొదటిది బతిమాలడం, రెండోది ఆరు వందల మంది కోపం ఆవిడ నెత్తిన పెట్టడం. అడగాల్సినవి మూడే: ఏం జరిగింది, ఇంకా ఏమైనా జరుగుతోందా, ఇకపై ఏం జరగకూడదని కోరుకుంటున్నారు. ఆ రాత్రి మెసేజ్‌లు ఆవిడవి. ఇష్టమైతే నిర్ణయించే ముగ్గురికే చూపిస్తారు. అవి గ్రూపులోకి రాకూడదు, మీకూ రాకూడదు, ఎందుకంటే మీరిప్పుడు అవతలి పక్షం. నంబరు బ్లాక్ చేయాలనుకుంటే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకుని, అసలు చాట్‌ను ఫోన్‌లో అలాగే ఉంచమని చెప్పండి.

ఆ మూడు మెసేజ్‌ల్లో ఏముందో మీకు తెలియదు, నాకూ తెలియదు. ఈ వ్యవహారంలో అసలు బరువు అక్కడే ఉండొచ్చు. గ్రూపులో అన్న మాట ఎంత చెడ్డదైనా అందరి ముందూ అన్నది. అర్ధరాత్రి విడిగా పంపిన మాట ఆవిడ ఒంటరిగా చదువుకున్నది. అందులో ఉన్నది వివరణో క్షమాపణో అయితే ఒక సంగతి. బెదిరింపో, అసభ్యతో, వద్దన్నా మళ్ళీ మళ్ళీ పలకరించడమో అయితే అది ఆ ముగ్గురి చేతిలో తేలే పని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వెంటపడటానికి 78వ సెక్షన్, మహిళ గౌరవాన్ని కించపరిచే మాటలకు 79, బెదిరింపుకు 351 ఉన్నాయి. ఆవిడ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయొచ్చు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేయొచ్చు, తెలంగాణలో ఉంటే షీ టీమ్స్ దగ్గరకు వెళ్ళొచ్చు. చేయాలా వద్దా అన్నది పూర్తిగా ఆవిడ ఇష్టం. గ్రూపు పరువు పేరు చెప్పి ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఇక మాస్టారు. ఆయనతో టైప్ చేసి మాట్లాడొద్దు, ఫోన్ చేయాలి. ముగ్గురిలో ఒకరు మాట్లాడుతుంటే మరొకరు రాసుకోవాలి. మీరూ లైన్‌లో ఉండొచ్చు. ఆయన అన్న వాక్యాలను ఉన్నవున్నట్టు చదివి వినిపించి, "దీనికి మీరేమంటారు?" అని ఆగిపోవాలి. "అందరూ అంటున్నారు మాస్టారూ" అని మొదలుపెడితే ఆ అందరూ ఎవరో కనుక్కోవడంలోనే అరగంట పోతుంది. మాట్లాడుకున్నదాన్ని ఐదారు వాక్యాల్లో రాసి ఆయనకు పంపి, ఇంకేమైనా చేర్చాలనుకుంటే నలభై ఎనిమిది గంటల టైమివ్వండి. రోషంతో ఆయనే గ్రూపు వదిలి వెళ్ళిపోవచ్చు. అయినా నిర్ణయం రాసిపెట్టాల్సిందే. లేకపోతే మూడు నెలల తర్వాత ఎవరో లింకు పంపి మళ్ళీ చేర్చుకుంటారు, ఏమీ తేలకుండానే అంతా మొదటికొస్తుంది.

తీర్పు అంటే "మాస్టారు మంచివాడా, కాదా" అని తేల్చడం కాదు. ఆ ప్రశ్నకు ఆరు వందల జవాబులుంటాయి. ఆ ముగ్గురి ముందున్నవి మాస్టారు చేసిన మూడు పనులు: వంటిల్లు చూసుకో అన్న మాట, మర్యాద నేర్పుతావా అన్న మాట, రాత్రి మెసేజ్‌లు. మూడింటినీ విడివిడిగా తూచాలి. మొదటిది ఆడవాళ్ళను తక్కువ చేసిన మాట. ఆవిడ తోటపని గురించి కాదు, ఆవిడ ఆడమనిషి కావడం గురించి అన్నది. ఆవిడకు తగిలింది, చదివిన ప్రతి సభ్యురాలికీ తగిలింది. రెండోది కోపంలో వచ్చిన గదమాయింపు, బరువు తక్కువ. మూడోది మెసేజ్‌లు చూశాకే.

గతంలో కూడా ఇలా అన్నారని ఎవరైనా పాత స్క్రీన్‌షాట్లు తెస్తారు, తప్పకుండా తెస్తారు. వాటినేం చేయాలి? అప్పుడు అడ్మిన్లెవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పని తప్పులకు ఇప్పుడు కూడబెట్టి శిక్ష వేయడం అన్యాయం. కానీ ఇది ఒక్కసారి నోరుజారడమా, అలవాటా అని తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తాయి. మీ గ్రూపు నియమాల్లో రాజకీయాలు వద్దు, గుడ్ మార్నింగ్‌లు వద్దు అని ఉండి, తిట్లు వద్దని లేకపోవచ్చు. అది సాకు కాదు, మనిషిని అవమానించకూడదని రాసిపెట్టక్కర్లేదు. అయితే ఏ తప్పుకు ఏ శిక్షో ముందే చెప్పనప్పుడు అన్నిటికంటే పెద్ద శిక్షతో మొదలుపెట్టకూడదు. మీరు గట్టిగా నిలబడగల చోటు ఇదే.

మాస్టారి పక్షాన మీరు ఏమేమి అనొచ్చు? ఆవిడ అంతకుముందు ఏమైనా రెచ్చగొట్టారా అని మెసేజ్‌ల టైమ్ వరుస చూపమనొచ్చు. మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ అన్నది "మర్యాదగా చెప్పండి" అని మాత్రమే, కాబట్టి ఆ వాదన ఇక్కడ నిలవదు. "నువ్వు" అన్న పిలుపు మీద వాదించొచ్చు. తెలంగాణలో చాలా ఇళ్ళలో నువ్వు అంటే అమర్యాద కాదు, గోదావరి జిల్లాల్లో కొత్త మనిషిని నువ్వంటే చురుక్కుమంటుంది. యాసలు కలిసిన గ్రూపుల్లో ఇలాంటి అపార్థాలు నిజంగానే వస్తాయి. తేల్చుకోవడం సులువు: ఆయన ఇచ్చిన పాత జవాబులు ఓ ఇరవై తీసి చూడండి. అందరినీ నువ్వంటున్నారా, లేక మగవాళ్ళకు మీరు, ఆడవాళ్ళకు నువ్వునా? రెండో రకమైతే ఆ వాదన ఎత్తకండి, ఆయనకే ఎదురు తిరుగుతుంది. ఆయన ఆరోగ్యం, ఇంట్లో కష్టం ఏదైనా ఉంటే చెప్పొచ్చు, ఆయన అనుమతితో మాత్రమే. శిక్ష తప్పుకు మించిందని వాదించొచ్చు. తిరిగి వచ్చే దారి ఉండాలని పట్టుబట్టొచ్చు.

అనకూడనివి మీ గ్రూపులో ఈపాటికి అందరూ అనేసి ఉంటారు. పెద్దాయన అంటారు. వయసుకు గౌరవం ఇవ్వాలి, నిజమే, కానీ ఆ గౌరవంలో ఇంకొకరిని తిట్టే అనుమతి లేదు. సరదాకి అన్నారంటారు. అవతలి మనిషి మర్యాదగా చెప్పండి అన్నాక సరదా అక్కడితో అయిపోయింది. ఉచితంగా విత్తనాలిచ్చారంటారు. ఆ సేవ నిజం, విలువైనది. దాన్ని శిక్ష ఎంత, తిరిగి రావడం ఎలా అన్న చోట లెక్కలోకి తీసుకోవాలి. తప్పు జరిగిందా లేదా అన్న చోట మాత్రం తీసుకోకూడదు. ఈ రెండు చోట్లనూ కలిపేస్తే, ఎక్కువ విత్తనాలు పంచినవారికి ఎక్కువ తిట్టే హక్కు ఉన్నట్టవుతుంది.

"ఆయన చెప్పింది నిజమే కదా" అన్నది అన్నిటికంటే బలంగా వినిపిస్తుంది. నిజమే, కిందికి ముడుచుకుంటే నల్లి, పైకి ముడుచుకుంటే తామర పురుగు. ఫొటో చూడగానే ఆయన సరిగ్గా పట్టుకున్నారు. కానీ మిరపకు కింది ముడత తెచ్చే ఆ నల్లి మిల్లీమీటరులో అయిదో వంతు కూడా ఉండదు. కనీసం పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం లేకపోతే ఎంత చూపున్నవారికైనా కనపడదు. "నల్లి కూడా కనపడని కళ్ళు" అన్న ఎత్తిపొడుపు అబద్ధం మీద నిలబడింది. కొత్తవారికి తెలియదు, మాస్టారికి తెలుసు. ఈ మాట ఆయనతో మీరే చెప్పండి. మీ నోటి నుంచి వస్తే వింటారు.

ప్రతిభ ఉన్నవారి నోటిదురుసును ఏళ్ళ తరబడి భరించడం మిద్దెతోటలకే పరిమితం కాదు. లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తోటి ప్రోగ్రామర్లను ఈమెయిళ్ళలో ఘాటుగా తిట్టడం చాలాకాలం అందరికీ తెలిసిన సంగతి. ఆ కరుకుదనం వల్లే నాణ్యత నిలబడుతోందని సమర్థించినవారూ ఉన్నారు. 2018 సెప్టెంబర్ 16న ఆయనే తన ఈమెయిళ్ళు తప్పని బహిరంగంగా ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. అప్పుడే ఆ ప్రాజెక్టుకు ప్రవర్తనా నియమావళి వచ్చింది. అక్టోబర్‌లో తిరిగి పనిలోకి వచ్చారు, ఇప్పటికీ నడిపిస్తున్నారు. ఆయన ఈమెయిళ్ళలో ఏది తప్పో ఒప్పుకున్నారు, కొన్నాళ్ళు దూరంగా ఉన్నారు, మళ్ళీ వచ్చారు. మీరు మాస్టారి కోసం అడగాల్సింది కూడా ఈ మూడే.

శిక్ష విషయంలో వాట్సాప్‌లో ఒక చిక్కుంది. టెలిగ్రామ్‌లో ఒక్క సభ్యుణ్ణి కొన్ని రోజులపాటు రాయకుండా ఆపొచ్చు. వాట్సాప్‌లో ఆ సదుపాయం లేదు. నెల రోజుల విరామం ఇవ్వాలంటే గ్రూపు నుంచి తీసి, నెల తర్వాత అడ్మినే మళ్ళీ చేర్చాలి. తీసిన పేరు పాత సభ్యుల జాబితాలో అరవై రోజులు అందరికీ కనిపిస్తుంది. అందుకే ముందుగా ఆయనకు చెప్పి, తిరిగి చేర్చే తేదీ కూడా చెప్పి, ఆ తర్వాతే తీయాలి. చెప్పకుండా తీస్తే అది అందరి ముందూ గెంటేయడం. రాత్రి మెసేజ్‌ల్లో బెదిరింపు, అసభ్యత లేకపోతే ముప్పై రోజుల విరామం, రాతపూర్వక హెచ్చరిక, బహిరంగ క్షమాపణ సరిపోతాయని నా అభిప్రాయం. అసభ్యత ఉంటే ఆరు నెలలకు తగ్గకూడదు, ఆవిడ సభ్యురాలిగా ఉన్నంతకాలం తిరిగి చేర్చకూడదని ముగ్గురూ అనుకున్నా తప్పుపట్టలేం. అప్పుడు మీరు వెనక్కి తగ్గాలి. ఏ విరామమైనా శిక్ష కోసం కాదు, మళ్ళీ జరగకుండా ఉండటానికి. ఏడు రోజుల్లో ఆయన నిజంగా మారితే ఏడు చాలు, మారకపోతే ముప్పై కూడా వృథా.

క్షమాపణ తిట్టిన చోటే చెప్పాలి. "నా మాటల వల్ల ఎవరైనా బాధపడి ఉంటే" అని మొదలయ్యేది క్షమాపణ కాదు, బాధపడటం వాళ్ళ తప్పన్నట్టు ఉంటుంది. ఇలా ఉంటే చాలు: "ఆదివారం మిరప మొక్క గురించి అడిగిన సభ్యురాలిని వంటిల్లు చూసుకొమ్మన్నాను. అది తప్పు. ఆ నల్లి కంటికి కనపడదని నాకు తెలిసి కూడా వెక్కిరించాను. ఇకపై అలా మాట్లాడను." పేరు రాయక్కర్లేదు. విడిగా ఆవిడకు ఫోన్ చేసి క్షమాపణ చెబుతానని మాస్టారు అంటే వద్దనండి. చెప్పాలనుకున్నది రాసిస్తే అడ్మిన్ల ద్వారా అందుతుంది, చదవడం ఆవిడ ఇష్టం. ఎంత మంచి మనసుతో చేసినా, రాత్రి మెసేజ్‌ల తర్వాత మరో ఫోన్ ఆవిడకు ఇంకో బెదురే.

నిర్ణయాన్ని గ్రూపులో నాలుగైదు వాక్యాల్లో ప్రకటించండి: ఏ మాట తప్పని తేలింది, ఏం నిర్ణయించారు, ఎప్పటిదాకా, అభ్యంతరాలు ఎవరికి పంపాలి. ఆవిడ పేరు, రాత్రి మెసేజ్‌ల ప్రస్తావన ఉండకూడదు. ముందు పన్నెండు గంటలు చాలన్నాను, కానీ ప్రకటన తర్వాత ఒక రోజు గ్రూపు మూసి ఉంచడం మేలు, ఇప్పుడు పుకార్లకు ప్రకటనే జవాబు.

ప్రకటన వెళ్ళాక రెండు వైపులా దాడులు మొదలవుతాయి. కొందరు ఆవిడకు "మీ వల్లే మాస్టారు పోయారు" అని మెసేజ్‌లు పెడతారు. ఒకరు దొరికినా అదే రోజు హెచ్చరించాలి. ఇంకొందరు మాస్టారి ఫొటో, ఫోన్ నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టి ఎగతాళి చేస్తారు. దాన్ని అంతే గట్టిగా ఆపడం మీ పని. తప్పు చేసినవాడి మీద చేసే తప్పు కూడా తప్పే, మీరు ఆయన పక్షాన నిలబడాల్సిన అసలు సమయం అప్పుడే. "అడ్మిన్ల మీద కేసు పడుతుంది, ఎందుకొచ్చిన గొడవ, గ్రూపే మూసేద్దాం" అన్న భయం కూడా పుడుతుంది. కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు క్రిమినల్ బాధ్యత ఉండదని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అడ్మిన్, సభ్యుడు ఇద్దరూ కలిసి అనుకుని చేసినదైతే వేరే సంగతి.

ఆయన లేకపోతే గ్రూపే లేదనేవాళ్ళు ఆయన మీది ప్రేమతోనే అనడం లేదు, రేపు నా వంకాయ చెట్టుకు ఎవరు చెబుతారన్న బెంగతో అంటున్నారు. ఆ బెంగ సమంజసమైనదే. మాస్టారి విసుగు వెనక కూడా ఇదే ఉండొచ్చు. ఆరు వందల మందికి ఒక్కరే జవాబు చెబుతూ, ఆకుముడత గురించి నెలకు నలభై సార్లు రాయాల్సి వస్తే ఎవరి ఓపికైనా తరిగిపోతుంది. ఆయన పాత జవాబుల్లోంచి ఎక్కువసార్లు వచ్చిన పదిహేను ప్రశ్నలు ఏరి, ఆయన పేరుతోనే ఒక పీడీఎఫ్ చేసి గ్రూపు వివరణలో దాని లింకు పెట్టండి. ప్రశ్న అడిగేవారు ఆకు పైభాగం, అడుగుభాగం, మొత్తం మొక్క మూడు ఫొటోలు పెట్టాలనీ, కుండీ సైజు, చివరగా ఏం కొట్టారు, ఎప్పుడు అన్నవి రాయాలనీ నియమం చేయండి. మొదటి జవాబు చెప్పడానికి నలుగురిని వంతులవారీగా పెట్టండి, వాళ్ళకు తేలనివే మాస్టారి దగ్గరకు వెళ్ళాలి. ఆయన తిరిగి వచ్చాక మొదటి నెలంతా ఇలాగే నడపండి. ఆయన విరామంలో ఉన్న ముప్పై రోజుల్లో ఇదంతా సిద్ధం చేసుకోవచ్చు.

ఇంకొక్కటి మిగిలింది. ఇంత గొడవలో ఆవిడ అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ రోజే పంపించండి. ఆకులు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుని, కాడలు సన్నగా సాగి ఉంటే అది కింది ముడత. బాగా ముడుచుకున్న చిగుళ్ళు తుంచి సంచిలో కట్టి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక, ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టాలి. కానీ ఆవిడ ఇప్పటిదాకా వేపనూనె కొడుతున్నారు. నూనె కొట్టిన ఆకు మీద గంధకం పడితే మాడిపోతుంది, కాబట్టి చివరిసారి కొట్టిన రోజు నుంచి రెండు వారాలు ఆగాలి. ఈలోగా రోజు విడిచి రోజు పొద్దున్నే పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్ళు కొడితే నల్లి కొంత అదుపులో ఉంటుంది. పాత ఆకుల ముడత విడిపోదని, కొత్తగా వచ్చే చిగురు చదునుగా ఉందో లేదో చూసుకొమ్మని కూడా రాయండి.